వానకో లెక్క, బోరుకో లెక్క

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఈ అంకె మా బడిలో పదో తరగతి పిల్లలందరికీ నోటికొచ్చు. పరీక్షలో బిట్టుగా వస్తుంది కాబట్టి వచ్చు. 550 మిల్లీమీటర్లంటే తమ చేలో ఎన్ని బిందెల నీళ్లు పడ్డట్టు, అందులో నేలలోకి దిగేదెంత, నాయన వేయించిన బోరు తోడేసేదెంత అని వాళ్లనెవరూ అడిగింది లేదు. నా ఉద్యోగ జీవితంలో చేసిన పనులన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది, ఇప్పటికీ తలచుకుంటే సంతోషం కలిగేది, ఆ అంకెను పిల్లల చేతికి, పిల్లల ద్వారా పెద్దల చేతికి అందించిన పని. ఆ సంగతులు రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

జిల్లాలో పడమటి వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఎర్రనేలలు, అక్కడక్కడా రాతి గుట్టలు, ఎటు చూసినా చెనిక్కాయ (వేరుశనగ) చేలు. బోరు ఉన్నవాళ్లకు కాస్త వరి మడి, ఇంకొంచెం కలిగినవాళ్లకు చీనీ (బత్తాయి) తోట. 2002లో దేశమంతా కరువొచ్చింది. మా వైపు అది ఆ ఒక్క ఏడుతో పోలేదు. చీనీ చెట్లను బతికించుకోవడానికి ట్యాంకర్లతో నీళ్లు తోలించి పోసినవాళ్లను చూశాను. ఆ ట్యాంకరు అప్పు తీర్చలేక చివరికి చెట్లు కొట్టి కట్టెలకు అమ్ముకున్నవాళ్లనూ చూశాను. బెంగుళూరు బస్సెక్కిన అమ్మానాన్నల వెంట పిల్లలూ పోయేవాళ్లు. సంక్రాంతి తరువాత హాజరు పట్టీ చూస్తే కడుపు తరుక్కుపోయేది.

మా జేజినాయన ఎడ్లతో బావి నీళ్లు తోడే కపిల తోలినవాడు. రెండెడ్లు ఏటవాలు దారిలో కిందికి దిగుతుంటే తోలు బాన పైకొచ్చి కాలవలో నీళ్లు గుమ్మరించేదని, ఎడ్లకు అలుపు తెలియకుండా పాటలు పాడేవాళ్లని చెప్పేవాడు. ఆ బావుల దగ్గర నేను గమనించిన సంగతి ఒకటుంది. బావిలో నీళ్లెన్నో ఊరందరికీ తెలుసు. దారిన పోయేవాడు కూడా తొంగిచూసి "రెండు నిలువులుండాయి" అని చెప్పేసేవాడు. అడుగు మెట్టు బయటపడిందంటే ఆ ఏడు వరి మాట ఎత్తేవాళ్లు కారు. ఎవరూ చట్టం చెయ్యలేదు, ఎవరూ వచ్చి ఉపన్యాసం ఇవ్వలేదు. నీళ్లు కంటికి కనబడుతున్నాయి కాబట్టి పంట దాన్నిబట్టి నడిచింది.

బోరు వచ్చాక ఆ చూపు పోయింది. ఆరున్నర అంగుళాల గుంత. అందులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో వేయించుకున్న రైతుకే తెలియదు. స్టార్టరు నొక్కితే నీళ్లొస్తే ఉన్నట్టు, గాలి కొడితే అయిపోయినట్టు. గాలి కొట్టిన రోజు ఇంకో పాయింటు చూపించుకోవడం, కొబ్బరికాయ అరచేతిలో నిలబడ్డ చోట రిగ్గు దింపడం, కేసింగుకూ డీజిలుకూ అప్పు. నీళ్లు పడితే ఆ ఏడు గట్టెక్కినట్టు. పడకపోతే ఆ అప్పు మీద మరో బోరు అప్పు.

పర్యావరణం గురించి మా జిల్లా పిల్లలకు నేర్పాల్సింది ఏదైనా ఉందంటే ఇదేనని నాకు గట్టిగా అనిపించేది: కనబడకుండా పోయిన నీళ్లను మళ్లీ కనబడేట్టు చెయ్యాలి.

పాఠ్యపుస్తకం ఆ పని చెయ్యలేదు. పుస్తకాన్ని నేను తప్పుపట్టను, రాష్ట్రమంతటికీ ఒకటే పుస్తకం కదా. పర్యావరణ కేసులు వాదించే లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991 నవంబరులోనే పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలని చెప్పింది. అమలు సరిగా లేదని ఆయన మళ్లీ కోర్టుకు వెళ్తే 2003 డిసెంబరులో ఎన్‌సీఈఆర్‌టీ తయారు చేసే పాఠ్యప్రణాళికను అన్ని రాష్ట్రాల బడులూ పాటించాలని ఆదేశమిచ్చింది. దేశంలో ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఈ చదువు హక్కుగా అందాలని ఒక మనిషి అన్నేళ్లు పట్టుబట్టడం నాకు గొప్పగా అనిపిస్తుంది. కానీ పాఠం అచ్చులోకి వచ్చేసరికి ఓజోన్ పొర, ఆమ్ల వర్షం, అంతరించిపోతున్న జంతువులు అయ్యాయి. మా పిల్లలు అవన్నీ చక్కగా అప్పజెప్పేవాళ్లు. ఊరి వంక ఎక్కడ పుట్టి ఏ చెరువులో కలుస్తుందో అడిగితే గొర్రెల వెంట తిరిగే ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు.

2001-02లో కేంద్ర పర్యావరణ శాఖ జాతీయ హరిత దళం మొదలుపెట్టింది. బడికో ఎకో క్లబ్బు, దానికో టీచరు. మా బడిలో ఆ బాధ్యత నాకిచ్చారు. మన రాష్ట్రంలో టీచర్ల శిక్షణలో చెన్నైలోని సి.పి.ఆర్. పర్యావరణ విద్యా కేంద్రం వారిది పెద్ద చెయ్యి. 1977లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని టిబిలిసి నగరంలో చాలా దేశాలవాళ్లు కూర్చుని పర్యావరణ విద్య ఎలా ఉండాలో మాట్లాడుకున్నారని శిక్షణలోనే మొదటిసారి తెలిసింది. బిడ్డ ఉన్న చోటి నుంచే, ఆ చోటి సమస్య నుంచే చదువు మొదలవ్వాలన్న మాట నాకు అక్కడ పట్టుకుంది. టిబిలిసి ఎక్కడ, మా కొట్టాల ఊరు ఎక్కడ, అయినా ఆ మాట నా కోసమే చెప్పినట్టుంది.

చాలాచోట్ల ఎకో క్లబ్బంటే మొక్కలు నాటడమే. చెట్టంటే నాకూ ప్రాణమే, మా బడి కానుగలన్నీ పిల్లలు పెంచినవే. అయితే ప్రపంచ పర్యావరణ దినమైన జూన్ 5 మా వైపు మొక్క నాటే రోజు కాదు. అప్పటికి బడులు కూడా తెరవరు, మాకు జూన్ 12న తెరుస్తారు. నేల పెనంలా కాలుతుంటుంది. ఫొటో కోసం నాటిన మొక్క మంచి వానలు పడే సెప్టెంబరు దాకా బతకదు. మేం సెప్టెంబరులోనే నాటేవాళ్లం, అదీ పిల్లలు నీళ్లు పొయ్యగలిగినన్నే. మిగిలిన పొద్దంతా లెక్కలకు పెట్టాం.

మొదట వానమాపకం. పాత రేకు గరాటు, ఒక సీసా, గీతలున్న గాజు జాడీ. బడి ఆవరణలో చెట్లకూ గోడలకూ దూరంగా, చుట్టూ కంప నాటి పెట్టాం. కంప లేకపోతే మేకలు ఊరుకోవు. పొద్దున ఎనిమిదిన్నరకు చూడాలి, దేశమంతా అదే వేళకు చూస్తారు. జాడీలో నీటి అంచు గాజు దగ్గర కొద్దిగా పైకి పాకి ఉంటుంది, మధ్యలో కిందికి వంగి ఉంటుంది. కన్ను దానికి సమానంగా పెట్టి ఆ అడుగు అంచు ఏ గీత మీదుందో చూడాలి. ఏడో తరగతి పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూసి చూసేవాళ్లు. ఒకరు చదివింది ఇంకొకరు చూసి సరే అంటేనే పుస్తకంలోకి ఎక్కేది. వాన లేని రోజు కూడా సున్న రాయాలి. సున్నలు రాయడం వాళ్లకు మొదట్లో విసుగు. జులై నెల పేజీ నిండా సున్నలు చూసినప్పుడు ఒక పిల్లాడు అన్నాడు: "మేడం, కరువంటే ఇదేనా, కాయితం మీద ఇట్లుంటాదా?" నేను ఆ మాటకు ఏమీ కలపలేదు. వాడికి అర్థమైపోయింది.

అంకె రాయగానే లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు వానకే ఎకరాకు నాలుగు వేల లీటర్లు. పది మిల్లీమీటర్లు పడితే నలభై వేలు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఇది బోర్డు మీద తేలిన రోజు తరగతిలో గోల. ట్యాంకరుకు ఎంత ఇస్తున్నారో ఆ ఇళ్లలో పిల్లలందరికీ తెలుసు. తమ చేలో ఒక్క రాత్రిలో ఎనిమిది ట్యాంకర్లు ఉచితంగా కురిసిపోయాయని తెలిసేసరికి, మరి అదంతా ఎక్కడికి పోయిందని వాళ్లే అడిగారు. అప్పుడు వంక గట్టుకు తీసుకెళ్లాను. ఎర్రగా పారుతున్న నీళ్లను గాజు గ్లాసులో పట్టి పక్కన పెడితే అడుగున బురద పేరుకుంది. అది ఎవరి చేనుదో చెప్పుకోమన్నాను. ఎగువ చేల పిల్లలు కొందరు తలొంచుకున్నారు.

పెద్దవాళ్లకు వాన లెక్క తెలియదని కాదు. కార్తె కార్తెకూ వాళ్లకు లెక్కుంది. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందని, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదని చెప్పే అవ్వలు ప్రతి ఇంట్లో ఉన్నారు. వాళ్ల కొలత మిల్లీమీటరు కాదు, పదును. జానెడు పదును, మూరెడు పదును. నేల ఎంత లోతున తడిసిందన్నదే రైతుకు కావాలి. ఈ రెండు కొలతలనూ కలిపితే బాగుంటుందనిపించి, వాన పడ్డ మర్నాడు పిల్లలను తమ తమ చేలలో గునపంతో తవ్వి తడి ఎంత లోతు దిగిందో జానలతో కొలుచుకు రమ్మన్నాను. మా ఎర్రనేలల్లో ఇరవై మిల్లీమీటర్ల వాన జానెడు పదును. ఈ పట్టిక పిల్లలు తయారు చేసిందే. అది తీసుకెళ్లి ఇళ్లలో చూపించారు. ఒకరోజు బడి గేటు దగ్గర ఒక పెద్దాయన నిలబడి, "ఏమ్మా, రాత్రి ఎన్ని మిల్లీలు పడె?" అని అడిగాడు. పద్దెనిమిది అని చెప్పగానే, "అట్లయితే జానెడుకు తక్కవ, ఇత్తనం ఎయ్యకూడదులే" అని వెళ్లిపోయాడు. ఆ తరువాత వాన పడ్డ ప్రతి పొద్దునా గేటు దగ్గర ఎవరో ఒకరు ఉండేవాళ్లు. మేం గేటు పక్కనే నల్లబోర్డు పెట్టి రాయడం మొదలుపెట్టాం.

బోరు లెక్క పిల్లలు ఇంకా ఉత్సాహంగా చేశారు. దానికి కావాల్సింది ఇరవై లీటర్ల బకెట్టు, సెకన్ల ముల్లున్న గడియారం. మోటరు ఆన్ చేసి పైపు కింద బకెట్టు పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడటం. రైతులు నీళ్లను ఇంచుల్లో చెబుతారు. రెండించుల నీళ్లు పడ్డాయంటే ఊళ్లో గౌరవం. పిల్లలు దాన్ని లీటర్లలోకి మార్చారు. బకెట్టు పది సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు, గంటకు 7,200. కరెంటు ఏడు గంటలుంటే రోజుకు యాభై వేల లీటర్లు. వరి మడికి మూడు నెలలు అలా పోస్తే నలభై ఐదు లక్షలు. ఆ అంకె దగ్గర అందరూ ఆగిపోయేవాళ్లు. ఒక ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే లెక్కను లీటర్లలోకి మారిస్తే 48 లక్షలు. పుస్తకంలోని లెక్కా బకెట్టుతో వచ్చిన లెక్కా పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి.

ఇప్పుడు రెండో వైపు. మాది గట్టి రాతి నేల. కింద ఏదో నది పారుతున్నట్టు చాలామంది అనుకుంటారు, జల పడిందంటే అదే ఊహ. నిజానికి పైన చివికిన రాతి పొరలో, కింద పగుళ్లలో ఉన్న నీళ్లే మన నీళ్లు. పడిన వానలో అక్కడికి చేరేది పదో వంతు, అటూ ఇటూగా. 550లో పదో వంతు 55 మిల్లీమీటర్లు. ఎకరాకు రెండు లక్షల ఇరవై వేల లీటర్లు. ఎకరం వరికి 48 లక్షలు. మడిలోంచి కొంత మళ్లీ కిందికి ఇంకినా సరే, ఒక ఎకరం వరి పండాలంటే దాని చుట్టూ పది ఇరవై ఎకరాల మీద కురిసిన వాన నేలలోకి దిగాలి. ఆ ఇరవై ఎకరాల్లో ఇంకో నాలుగు బోర్లున్నాయి, వాటి కిందా వరే. ఇంతే మా జిల్లా కథ. దీన్ని ఎనిమిదో తరగతి పిల్లలు హెచ్చవేతలతో, భాగాహారాలతో చేసి చూపించగలిగారు.

ఆ రోజుల్లోనే మా చుట్టుపక్కల పల్లెల్లోకి ఒక పథకం వచ్చింది. రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం, అందరూ ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవాళ్లు. 2003లో మొదలైంది. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యం, పల్లెల్లో పనిచేసింది మన స్వచ్ఛంద సంస్థల వాళ్లు. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఈ ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో జరిగింది. అంతకుముందు అదే దేశం డబ్బుతో ఏపీవెల్ పేరున పేద రైతులకు బోర్లు వేయించారు. బోర్లు వేయిస్తే చాలదని, ఉన్న నీళ్లను చూసుకోవడం నేర్చుకోవాలని ఆ అనుభవం నుంచి ఈ పథకం పుట్టింది. ఇందులో రైతుకు డబ్బివ్వడం లేదు, రాయితీ లేదు. ఇచ్చిందల్లా కొలిచే సాధనాలు, చదువు. ప్రభుత్వాలు వచ్చి రైతుకు ఏదో ఒకటి పంచే కాలంలో, కేవలం చదువే ఇచ్చిన పథకం అది. నాకు దాని మీద అంత గౌరవం అందుకే.

పదిహేను రోజులకోసారి పరిశీలన బోర్లలో నీటిమట్టం కొలిచేవాళ్లు. కొలిచే సాధనం చూడటానికి సామాన్యమైంది. చక్రానికి చుట్టిన పొడుగాటి టేపు, దాని చివర చిన్న లోహపు గుండు. బోరు మూతకున్న బెజ్జంలోంచి దాన్ని వదులుతూ పోతే నీళ్లు తగలగానే చక్రం దగ్గర బజర్ మోగుతుంది. అక్కడ టేపు మీద అంకె చూసుకోవాలి. వచ్చిన అంకెలు ఊరి మధ్య గోడ మీద రాసేవాళ్లు. వాన ఎంత, నీటిమట్టం ఎంత, పోయినేడు ఇదే నెలలో ఎంత. రాత్రిబడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు ఆ గోడ దగ్గర నిలబడి కూడబలుక్కుని చదవడం నా కళ్లతో చూశాను. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల నుంచే సారా మీద తిరుగుబాటు లేచింది కదా. చదవడం వచ్చిన ఆడమనిషి ఊళ్లో ఏది చదివినా దాన్ని ఇంటిదాకా తెస్తుంది.

వానమాపకాలు చాలావరకు రైతుల ఇళ్ల దగ్గరే ఉండేవి. మా ఊళ్లో ఒకటి ఒక ఒంటరి ఆడమనిషి పెరట్లో ఉండేది. రెండెకరాల మెట్ట, ఒక పాడి బర్రె. ఆమె రోజూ ఎనిమిదిన్నరకు పేడచేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, జాడీ వెలుగుకు పట్టి చూసేది. చదువుకున్నది రాత్రిబడిలోనే. రాతపుస్తకాన్ని బియ్యం డబ్బా మీద బట్టలో చుట్టి పెట్టుకునేది. బడి బోర్డు మీద మా పిల్లల అంకె, ఆమె అంకె ఒక్కోసారి తేడాగా వచ్చేవి. పిల్లలు ఆమెతో వాదనకు దిగితే, "మీ బడికాడ కురిసింది మీది, మా యింటికాడ కురిసింది మాది. వాన ఊరంతా ఒకే తీరుగా పడతాదా?" అనేది. ఆ మాట మీద ఒక వారమంతా పాఠం నడిపాను. అరకిలోమీటరు దూరంలో వాన ఎందుకు మారుతుంది, అలాంటప్పుడు మండలానికి ఒక్క మాపకం పెట్టి కరువు తేల్చితే ఎవరికి నష్టం? పంటల బీమా డబ్బు కూడా ఆ లెక్క మీదే ఆధారపడుతుందని పెద్ద పిల్లలు తామే కనిపెట్టారు.

అన్నిటికన్నా గుర్తున్నది ఒక అక్టోబరులో రామాలయం దగ్గర జరిగిన సమావేశం. ఖరీఫ్ అయిపోయి రబీ మొదలయ్యే వేళ, వంక పరిధిలోని ఊళ్ల రైతులంతా కూర్చుని నీటి లెక్క వేసుకుంటారు. ఈ ఏడు పడిన వాన, నేలలోకి దిగిందనుకునేది, తాగడానికి తీసిపెట్టాల్సింది, ఇక రబీకి మిగిలేది. ప్రతి రైతూ ఏం వేయాలనుకుంటున్నాడో చెబుతాడు, దానికెన్ని నీళ్లో లెక్క కడతారు, చివర్లో కూడికా తీసివేతా. మా ఎకో క్లబ్బు పిల్లలను లెక్కలు రాయడానికి పిలిచారు. గోనెసంచులు కుట్టి పరిచిన దాని మీద పెద్ద చార్టు, చుట్టూ లాంతర్లు, ఆ రోజు కరెంటు లేదు.

లెక్క చివరికి వచ్చేసరికి కావాల్సిన నీళ్లు ఉన్న నీళ్లకన్నా చాలా ఎక్కువ తేలాయి. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ఒక పెద్ద రైతు లేచాడు. "నీళ్లు దేవుడిచ్చేటివి. మనం లెక్కేస్తే వస్తాయా, ఎయ్యకపోతే పోతాయా? నా బోరు నాలుగించులు పోస్తాంది. నేను వరే ఏస్తా." చార్టు దగ్గర కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఆయన మేనకోడలే. ఆమె నెమ్మదిగా, "మామా, నీ బోరు నాలుగించులు పోసింది పోయినేడు. మొన్న మేం బకెట్టు పెట్టి చూసినాం గదా, పదహైదు సెకన్లు పట్టె. మట్టం కూడా పోయినేటి కంటే నాలుగు మీటర్లు కిందికి పోయిండాది. నువ్వు వరి వేస్తే సంక్రాంతికంతా మా నాయన బోరు ఆగిపోతాది, ఆ తర్వాత నీది" అంది. అరిచి చెప్పలేదు. చార్టు మీద ఆ రెండు అంకెల కింద వేలు పెట్టి చెప్పింది. ఆయన ఆ వేలు ఉన్నచోటుకు వంగి చూశాడు. కొలిచిన రోజు బకెట్టు పట్టుకున్నది ఆయన కొడుకే.

ఆ రాత్రి ఆయన ఒప్పుకోలేదు. ఒకే రాత్రిలో మనిషి మారిపోయాడని రాస్తే అది కథవుతుంది. రెండు ఎకరాల వరి అన్నవాడు అర ఎకరం తిండికి మాత్రం వేసి మిగతా చోట చెనిక్కాయ వేశాడు, పక్కన కొంత పొద్దుతిరుగుడు. ఊళ్లో చాలామంది అలాగే కొంచెం కొంచెం తగ్గించారు. కొందరు వినలేదు. అసలు ఈ పద్ధతిలో ఎవరినీ బలవంతపెట్టడం లేదు, ఎవరేం వేసుకోవాలో ఓటు లేదు, జరిమానా లేదు. 2002లో నీరు, నేల, చెట్ల రక్షణ కోసం వచ్చిన వాల్టా చట్టంలో బోరుకు బోరుకు మధ్య దూరం దగ్గర్నుంచి అన్నీ రాసి ఉన్నాయి. చట్టం ఊరి దాకా రావడం నేను పెద్దగా చూడలేదు. గోడ మీది అంకె మాత్రం వచ్చింది. పక్కవాడి బోరు ఎప్పుడు ఆగుతుందో తెలిసినప్పుడు రైతు తన బోరు గురించి ఇంకోలా ఆలోచిస్తాడు. దాన్ని నేను నమ్ముతాను, చూశాను కాబట్టి.

మా పిల్లలు ఈ లెక్కలతోనే బాలల సైన్సు కాంగ్రెస్‌కు వెళ్లారు. 1993 నుంచి జరుగుతున్న ఆ కార్యక్రమం నాకు ఎంతో ఇష్టం. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు, చిన్న జట్టుగా, తమ ఊరి సమస్య మీద తామే పరిశోధించి తమ భాషలోనే చెప్పొచ్చు. జిల్లా స్థాయిలో మా అమ్మాయిలు మన తెలుగులో, మన సీమ యాసలో గలగలా చెబుతుంటే జడ్జిలు రాసుకోవడం ఆపి విన్నారు. మొలకలు, మోడళ్లు, థర్మాకోల్ అగ్నిపర్వతాల మధ్య వీళ్ల బల్ల మీద బకెట్టు, గడియారం, మురికిపట్టిన మూడు నోటుపుస్తకాలు. ఆ పుస్తకాల్లో ఎన్ని సున్నలో.

పథకం కాలం తీరింది, సంస్థల వాళ్లు వెళ్లిపోయారు. కొన్ని ఊళ్లలో రైతులే తమ సంఘాలను కొంతకాలం నడిపారు. చాలాచోట్ల గోడ మీది పట్టిక మీద సున్నం పడింది, తరువాత ఎన్నికల రాతలు పడ్డాయి. టేపు చక్రం పాడైతే బాగుచేయించడానికి ఎవరి దగ్గరా పద్దు లేదు. నాకు దీని మీద బాధ ఉంది. తారు రోడ్డు పాడైతే మళ్లీ వేయడానికి పద్దు ఉంటుంది, పల్లె నేర్చుకున్న చదువును నిలబెట్టడానికి పద్దు ఉండదు. ఇప్పుడు భూగర్భ జల శాఖ వాళ్ల పిజోమీటర్ల (నీటిమట్టం కొలవడానికే వేసిన బోర్ల) అంకెలు కంప్యూటర్లోనే కనబడతాయి. అది మంచి పనే, కావాల్సిన పనే. అయితే మండలంలో ఎక్కడో ఒక చోట యంత్రం పంపే అంకె మీద ఊరి రైతు తన పంట మార్చుకోడు. తన కొడుకు తన బోరులో టేపు వదిలి చెప్పిన అంకె అయితే కనీసం వంగి చూస్తాడు.

నా దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడు నలభైకి దగ్గర పడుతున్నారు. ఒకామె అంగన్వాడీ టీచరు. ఒకడు డ్రిప్ పైపుల దుకాణం పెట్టుకున్నాడు, రైతు వస్తే మొదట బోరు ఎన్ని సెకన్లకు బకెట్టు నింపుతుందని అడుగుతాడట, ఆ తరువాతే పైపుల మాట. రామాలయం దగ్గర చార్టు మీద వేలు పెట్టిన అమ్మాయి బెంగుళూరులో ఉంది. అక్కడ 2024 వేసవిలో బోర్లెండిపోయి అపార్టుమెంట్లలో నీళ్ల గోల పడ్డప్పుడు ఫోన్ చేసింది. వాళ్ల అపార్టుమెంటులో ఎన్ని ఇళ్లకు ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయో, డాబా మీద ఎన్ని చదరపు మీటర్లుందో, వానాకాలంలో అక్కడ ఎంత పట్టుకోవచ్చో గుక్కతిప్పుకోకుండా చెప్పింది. "మేడం, సంఘం మీటింగులో చార్టు పెట్టినాను" అంది. ఆ పిల్ల ఒక్కతి చాలు నాకు.

ఇది చదివే టీచర్లుంటే ఒక మాట. ఖరీదైన సాధనం ఏమీ అక్కర్లేదు. నిటారుగా, పైనా కిందా ఒకే వెడల్పున్న సీసాగానీ డబ్బాగానీ తీసుకుని అడుగు చదునుగా ఉండేట్టు చూసుకోండి. ప్లాస్టిక్ బాటిలైతే మెడ కోసి తలకిందులుగా గరాటులా పెట్టండి, నీళ్లు అంతగా ఆవిరైపోవు. అడుగు వంకర ఉంటే చిన్న గులకరాళ్లు వేసి వాటిపైదాకా నీళ్లు పోసి, అక్కడ సున్న గీత పెట్టుకోండి. పక్కనే పిల్లల స్కేలు అతికించండి. గాలికి పడకుండా మట్టిలో సగం పాతి, ఎత్తయిన చెట్టుకూ గోడకూ వాటి ఎత్తుకు రెండింతల దూరంలో పెట్టండి. రోజూ ఎనిమిదిన్నరకే చూడాలి, ఇద్దరు చూడాలి, చూసిన వెంటనే రాసి సీసాను మళ్లీ సున్న గీతకు తేవాలి. వాన లేని రోజు సున్న రాయడం మరవొద్దు. ఆదివారాలూ సెలవులూ ఎవరు చూస్తారో పిల్లలతోనే పట్టిక వేయించండి. దసరా సెలవుల్లో బడి దగ్గరి ఇంటి పిల్లకు ఆ పని అప్పగించండి, మా వైపు ఏడాదిలో మంచి వానలన్నీ ఆ రోజుల్లోనే పడతాయి.